ఎవరి వాటా ఎవరికి?

షేర్లు కొనే కంప్యూటరు ముందున్న నాలుగు లెక్కలు

ముందుగా నా పొరపాటు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం మాట. పదవ తరగతి పిల్లల దగ్గర పరీక్ష ఫీజు వసూలు చేసే పని నాకు అప్పగించారు. ఆ ఏడు మా బడిలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గల కుర్రవాళ్ళు ఇద్దరు ఉండేవారు. ఒకడు ‘ఏ’ సెక్షను, ఇంకొకడు ‘బి’ సెక్షను. ‘ఏ’ సెక్షను కుర్రవాడు తెచ్చిన డబ్బును నేను ‘బి’ సెక్షను కుర్రవాని పేరు ఎదుట జమ రాసుకొన్నాను.

గడువు దగ్గర పడినప్పుడు జాబితా చూసి, “నువ్వింకా ఫీజు కట్టలేదేమిరా?” అన్నాను. “కట్టానండీ” అన్నాడు వాడు. నేను నమ్మలేదు. మర్నాడు వాళ్ళ నాన్న కూలిపని మానుకొని వచ్చి, అప్పు చేసి తెచ్చిన డబ్బు నా బల్లమీద పెట్టి వెళ్ళాడు. ఆ సాయంత్రమే రెండవ కుర్రవాడు తన ఫీజు పట్టుకొని వచ్చాడు. చూస్తే జాబితాలో వాని డబ్బు అప్పటికే జమ అయి ఉన్నది!

డబ్బు ఎక్కడికీ పోలేదు. నా సంచిలోని మొత్తానికీ, జాబితాలోని మొత్తానికీ పైసా తేడా లేదు. అయినా లెక్క తప్పే. ఒకరిది ఇంకొకరి ఖాతాలో ఉన్నది. ఆ తప్పుకు శిక్ష అనుభవించింది నేను కాదు, నిజం చెప్పిన కుర్రవాడూ, వాళ్ళ నాన్నా.

నా చేతిలో ఉన్నది ఒక పెన్సిలు, ఎనభై పేర్లు. అదే పని ఒక కంప్యూటరు చేస్తున్నదనుకోండి. దాని దగ్గర వందల ఖాతాలున్నాయి. సెకనులో ఎన్నో ఆర్డర్లు పంపగలదు. అప్పుడు తప్పు జరిగితే? షేర్ల బజారులో నేడు సరిగ్గా ఇటువంటి కంప్యూటర్లే పని చేస్తున్నాయి. అవి అనేకమంది సొమ్మును కలగాపులగం చేయకుండా ఎలా ఉంటాయో, ఎక్కడ తప్పుతాయో ఈ వ్యాసంలో చూద్దాం. మీకు కావలసిన గణితమంతా నిష్పత్తి, సగటు, భిన్నం. అంతే.

షేరు, బ్రోకరు, ఖాతా

ఒక కంపెనీ మూలధనాన్ని చిన్న చిన్న సమాన భాగాలు చేస్తే ఒక్కొక్క భాగం ఒక షేరు. షేరు అంటేనే వాటా. దానిని కొనదలచినవారు నేరుగా స్టాక్ ఎక్స్ఛేంజికి పోయి కొనడానికి వీలులేదు. అక్కడ సభ్యత్వం గల బ్రోకరు ద్వారా కొనాలి. అందుకు ఒక్కొక్కరికి మూడు ఖాతాలు కావాలి. డబ్బుకు బ్యాంకు ఖాతా. కొనుగోలు, అమ్మకాలకు బ్రోకరు దగ్గర ట్రేడింగు ఖాతా. కొన్న షేర్లు భద్రంగా ఉండేందుకు డీమాట్ ఖాతా. పూర్వం షేర్లు కాగితాల మీద ఉండేవి. 1996లో డిపాజిటరీల చట్టం వచ్చాక అవి కంప్యూటరు పద్దులుగా మారాయి.

పూర్వం బ్రోకర్లు ఒకచోట గుమికూడి, కేకలు వేస్తూ, చేతులు ఊపుతూ బేరం చేసేవారు. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి కంప్యూటరు తెరమీద వ్యాపారం మొదలుపెట్టింది. తెరమీద మనిషి నొక్కే మీటను ప్రోగ్రాము చేత నొక్కించవచ్చు గదా! “ఫలానా షేరు ధర వంద రూపాయలకు దిగితే కొను” అని ముందే రాసి పెడితే, ఆ ధర రాగానే ప్రోగ్రాము తనంతట తానే ఆర్డరు పంపుతుంది. దీనినే ఆల్గో ట్రేడింగు అంటున్నారు.

ఇక అనేక ఖాతాల సంగతి. ఇతరుల పెట్టుబడులను చూసిపెట్టడమే వృత్తిగా గలవారు కొందరున్నారు. వారిని పోర్ట్‌ఫోలియో మేనేజర్లంటారు. మన దేశంలో ఇందుకు ‘సెబీ’ అనే నియంత్రణ సంస్థ వద్ద నమోదు కావాలి. అటువంటివారు “ఈ షేరు కొందాం” అని నిర్ణయిస్తే, ఆ ఒక్క నిర్ణయం వందమంది ఖాతాలలో అమలు కావాలి. ప్రోగ్రాముకు కష్టం ఇక్కడే మొదలవుతుంది. అది నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

మొదటి ప్రశ్న: ఎవరిది?

నేను పేరును నమ్మి మోసపోయాను. ఒకే పేరు ఇద్దరికి ఉండవచ్చు. కాని బడిలో ప్రవేశ సంఖ్య ఒక్కరికే ఉంటుంది. షేర్ల బజారులోనూ అంతే. మన దేశంలో ప్రతి ఖాతాదారుకు ఒక విడి గుర్తుసంఖ్య ఉంటుంది. అది అతని పాన్ నంబరుతో ముడిపడి ఉంటుంది. బ్రోకరు ఆర్డరు పంపేటప్పుడే దానిమీద ఆ సంఖ్య ఉండాలి.

“ముందు కొని, ఎవరిదో తర్వాత రాసుకొంటే పోలేదా?” అని మీరడగవచ్చు. పోదు. ఉదయం షేరు కొన్నారనుకోండి. మధ్యాహ్నానికి ధర పెరిగితే “ఇది నాది” అనీ, తగ్గితే “ఇది వాళ్ళది” అనీ రాసుకొనే వీలు కలుగుతుంది. పండ్లబుట్టలో మంచివి తాను తిని, మచ్చలవి పక్కవానికి ఇవ్వడం వంటిదిది. లోకంలో ఇటువంటి మోసాలు నిజంగా జరిగాయి. అందుకే కొన్న తర్వాత గుర్తుసంఖ్య మార్చడాన్ని నిజమైన పొరపాటు సందర్భాలకే పరిమితం చేశారు. ఫలితం తెలియకముందే పేరు రాయాలి. ఇది మొదటి సూత్రం.

రెండవ ప్రశ్న: ఎంత?

ముగ్గురి ఖాతాలున్నాయి అనుకొందాం. వారి పెట్టుబడులు 6 : 6 : 2 నిష్పత్తిలో ఉన్నాయి. వారికి ఇలా పేర్లు పెడదాం: అన్న, తమ్ముడు, చెల్లెలు. ముగ్గురికీ కలిపి 14 షేర్లకు ఆర్డరు పంపితే, అన్నకు 6, తమ్మునికి 6, చెల్లెలికి 2. ఇబ్బంది ఏమీ లేదు.

కాని బజారులో అడిగినన్ని ఒకేసారి దొరకవు. ముందు 10 షేర్లే దొరికాయనుకోండి. నిష్పత్తి ప్రకారం పంచితే అన్నకు 4.29, తమ్మునికి 4.29, చెల్లెలికి 1.43 రావాలి. షేరును ముక్కలు చేయలేము గదా! అందుచేత ముందు పూర్ణసంఖ్యలు ఇస్తాం. 4, 4, 1. మొత్తం 9. ఒకటి మిగిలింది. ఎవరికివ్వాలి? ఎవరి భిన్నభాగం పెద్దదో వారికి. చెల్లెలి 0.43 పెద్దది కనుక ఆమెకు. కాబట్టి పంపకం 4, 4, 2.

బాగానే ఉన్నది గదా? ఇంతలో ఇంకొక షేరు దొరికింది. ఇప్పుడు మొత్తం 11. మళ్ళీ అదే పద్ధతిలో పంచండి. 4.71, 4.71, 1.57. పూర్ణసంఖ్యలు మళ్ళీ 4, 4, 1. ఈసారి రెండు మిగిలాయి. పెద్ద భిన్నాలు అన్నవీ, తమ్మునివీ. పంపకం 5, 5, 1.

చూశారా విచిత్రం! ఒక షేరు ఎక్కువ దొరికితే చెల్లెలి వాటా రెండునుంచి ఒకటికి తగ్గింది. ఎవరూ మోసం చేయలేదు. కూడికలో తప్పు లేదు. అయినా చిన్నపిల్ల చేతిలోని షేరు వెనక్కి లాక్కోవలసి వచ్చింది.

ఈ వింత షేర్ల బజారులో పుట్టినది కాదు. ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని స్థానాలో లెక్క కట్టడానికి 1792లో అమెరికాలో అలెగ్జాండర్ హామిల్టన్ ఈ పద్ధతినే సూచించాడు. 1880 జనాభా లెక్కల తర్వాత అక్కడి అధికారులు పంపకం చేసి చూశారు. సభలో 299 స్థానాలుంటే అలబామా రాష్ట్రానికి 8 వస్తున్నాయి. 300 ఉంటే 7 వస్తున్నాయి! అప్పటినుంచి దీనికి ‘అలబామా వైపరీత్యం’ అనే పేరు స్థిరపడింది.

మరి ప్రోగ్రాము ఏం చేయాలి? దొరికిన ప్రతి ముక్కనూ వెంటనే పంచి, “ఇది నీది” అని తేల్చివేయరాదు. ఆర్డరు పూర్తయ్యాక, లేదా ఆనాటి వ్యాపారం ముగిశాక, మొత్తాన్ని ఒక్కసారి పంచాలి. మిగులు ఎవరికి పోవాలో చెప్పే నియమం ముందుగానే రాసి ఉండాలి. మిగులు ఎప్పుడూ ఒక్కరికే చేరకుండా వంతులవారీగా తిప్పడం కూడా ఒక మంచి నియమం.

మూడవ ప్రశ్న: ఏ ధరకు?

ఆ 14 షేర్లు చివరకు దొరికాయి. కాని ధర ఒకటి కాదు. మొదటి 10 షేర్లు ఒక్కొక్కటి రూ. 100, తర్వాత ఒకటి రూ. 102, ఆఖరి మూడూ ఒక్కొక్కటి రూ. 104. ధర ఎందుకు పెరిగింది? మనం కొనడం వల్లనే! తక్కువ ధరకు అమ్మేవారి సరుకు అయిపోతే, ఎక్కువ ధర చెప్పేవారి దగ్గరికి పోవలసిందే. సంతలో చవక కుప్ప ముందు ఖాళీ అవుతుంది గదా!

ఇప్పుడు ప్రోగ్రాము ఖాతాలను వరుసగా తీసుకొంటే ఏమవుతుందో చూడండి. ముందు అన్న వంతు. అతని 6 షేర్లూ వంద చొప్పున రూ. 600. తర్వాత తమ్ముడు. వందకు నాలుగు, 102కు ఒకటి, 104కు ఒకటి, మొత్తం రూ. 606. ఆఖరున చెల్లెలు. 104 చొప్పున రెండు, రూ. 208.

ముగ్గురి మొత్తం రూ. 1,414. దానిని 14 చేత భాగిస్తే సగటు సరిగ్గా రూ. 101. సగటు ధరకు పంచితే అన్న కట్టవలసినది 606, తమ్ముడు 606, చెల్లెలు 202. అంటే వరుస పద్ధతిలో అన్నకు రూ. 6 మిగిలాయి. అవే ఆరు రూపాయలు చెల్లెలి సంచిలోంచి పోయాయి. ఆరు రూపాయలేగదా అనకండి. చెల్లెలి పేరు జాబితాలో ఎప్పుడూ ఆఖరునే ఉంటే, ప్రతి ఆర్డరులోనూ ఆమెకే నష్టం. ఆమెకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

ఈ కారణంచేతనే పోర్ట్‌ఫోలియో మేనేజర్లు అనేకమందికి కలిపి కొన్నప్పుడు, నిష్పత్తి ప్రకారం, ఆ రోజు సగటు ధరకే పంచాలని సెబీ నిబంధన ఉన్నది. ఏ రోజు పంపకం ఆ రోజే తేలాలి, మర్నాటికి వాయిదా వేయరాదు. కలిపి కొనడానికి వీలులేని చోట, ఒక్కొక్క ఖాతాకు విడి ఆర్డరు పంపవలసివస్తే, ఎవరితో మొదలుపెట్టాలో రోజూ మార్చాలి. ప్రార్థన వరుసలో ఈరోజు ముందు నిలబడినవాడు రేపు వెనుక నిలబడినట్లు.

నాలుగవ ప్రశ్న: జవాబు రాకపోతే?

మేష్టారు ఒక కుర్రవాణ్ణి ఆఫీసు గదికి పంపి సుద్దముక్కల పెట్టె తెమ్మన్నారు. వాడు ఎంతకీ రాలేదు. ఇంకొకణ్ణి పంపారు. కాసేపటికి ఇద్దరూ చెరొక పెట్టెతో వచ్చారు! మొదటివాడు దారిలో ఆగాడో, ఆఫీసుకే చేరలేదో మేష్టారికి ఎలా తెలుస్తుంది?

కంప్యూటరుకూ ఇదే చిక్కు. ఆర్డరు పంపింది. జవాబు లేదు. ఆర్డరే దారిలో పోయిందా, లేక ఆర్డరు చేరి, కొనుగోలు జరిగి, జవాబు మాత్రమే దారిలో పోయిందా? రెండింటిలోనూ పైకి కనిపించేది ఒక్కటే, మౌనం. తొందరపడి మళ్ళీ పంపితే షేర్లు రెండింతలు కావచ్చు. పంపకపోతే అసలు లేకుండా పోవచ్చు.

దీనికి ఉపాయం చాలా తేలిక. మేష్టారు కుర్రవాని చేతికి ‘చీటీ సంఖ్య 17’ అని రాసి ఇవ్వాలి. రెండవవానికి కూడా అదే 17వ చీటీ ఇవ్వాలి. గుమాస్తా ఒక సంఖ్యకు ఒక్క పెట్టే ఇస్తాడు. రెండవసారి 17 వస్తే “ఇది ఇచ్చేశాను” అంటాడు. మంచి ప్రోగ్రాము కూడా ప్రతి ఆర్డరుకు తిరిగి వాడని ఒక సంఖ్య ఇస్తుంది. జవాబు రాకపోతే, మళ్ళీ పంపేముందు “ఫలానా సంఖ్య గల ఆర్డరు ఏమైంది?” అని అడుగుతుంది. అనేక ఖాతాలున్నప్పుడు ఈ సంఖ్య పక్కనే ఖాతా సంఖ్య కూడా ఉంటుంది. ఒక ఖాతాలో డబ్బు చాలక ఆర్డరు తిరిగివస్తే, ఆ ఖాతా సంగతి విడిగా రాసుకొని మిగతావారి పని కొనసాగిస్తుంది. ఒకరి లోటును ఇంకొకరి సొమ్ముతో పూడ్చదు.

నలభై అయిదు నిమిషాలు

ఇంత జాగ్రత్త అవసరమా అని మీకు అనిపిస్తే, అమెరికాలో జరిగిన ఒక సంఘటన వినండి. నైట్ క్యాపిటల్ అని ఒక పెద్ద బ్రోకరు సంస్థ ఉండేది. 2012 ఆగస్టు 1న న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో ఒక కొత్త పద్ధతి మొదలయింది. అందుకోసం ఆ సంస్థ తన ఎనిమిది సర్వర్లలో కొత్త ప్రోగ్రాము ఎక్కించాలి. ఏడింటిలో ఎక్కించారు. ఎనిమిదవది మరచిపోయారు. దానిలో ఎన్నో ఏళ్ళుగా వాడని పాత ప్రోగ్రాము ఒకటి అలాగే పడి ఉన్నది.

ఒక పెద్ద ఆర్డరును చిన్న చిన్న ఆర్డర్లుగా పంపడం ఆ పాత ప్రోగ్రాము పని. “అడిగినన్ని దొరికాయి, ఇక చాలు” అని లెక్క చూసి ఆపే భాగం కూడా మొదట దానిలో ఉండేది. 2005లో ఆ లెక్క భాగాన్ని అక్కడినుంచి తీసి వేరే చోట పెట్టారు. కాబట్టి పాత ప్రోగ్రాము మేలుకొన్నప్పుడు దానికి పంపడం తెలుసు, ఎన్ని దొరికాయో తెలియదు, ఆగడం తెలియదు!

ఆనాడు బజారు తెరవగానే ఖాతాదారుల నుంచి వచ్చిన 212 చిన్న ఆర్డర్లు ఆ ఎనిమిదవ సర్వరుకు చేరాయి. అది లక్షలాది ఆర్డర్లు గుమ్మరించింది. 45 నిమిషాలలో 40 లక్షలకు పైగా లావాదేవీలు, 154 కంపెనీల షేర్లు. ఏ ఖాతాదారూ అడగని ఆ షేర్లన్నీ సంస్థ సొంత ఖాతా ఒకదానిలో వచ్చి పడ్డాయి. ఆ ఖాతాకు 20 లక్షల డాలర్ల హద్దు రాసి పెట్టారు. కాని హద్దు దాటితే ఆర్డర్లు ఆపే బ్రేకుతో దానిని కలపలేదు. కాగితంమీద హద్దు ఉన్నది, యంత్రానికి తెలియదు. బజారు తెరవకముందే లోపం సంగతి చెబుతూ కంప్యూటరు 97 ఈమెయిళ్ళు పంపింది. వాటిని హెచ్చరికలుగా ఎవరూ గుర్తించలేదు. కంగారులో ఏడు మంచి సర్వర్ల నుంచి కొత్త ప్రోగ్రామును తీసివేస్తే ప్రమాదం ఇంకా పెరిగింది.

నష్టం 46 కోట్ల డాలర్లకు పైమాట. 2013లో నియంత్రణ సంస్థ కోటీ ఇరవై లక్షల డాలర్ల జరిమానా విధించింది. ఆ ఏడాదే నైట్ సంస్థ మరొక సంస్థతో కలిసిపోయింది.

ఇందులో యంత్రం తప్పేమున్నది? చెప్పినది చెప్పినట్లు చేసింది. ఎవరి ఖాతాలో ఎంత చేరిందో చూసుకొని, చాలినప్పుడు ఆగమని దానికి చెప్పలేదు.

సాయంత్రపు లెక్క, బ్రేకు

అందుకే మంచి ఏర్పాటులో రెండు వస్తువులు తప్పక ఉంటాయి. ఒకటి, ఖాతాకొక హద్దు. “ఈ ఖాతాలో ఇంతకు మించి కొనరాదు” అన్న మాట ఆర్డరు పంపే ప్రోగ్రాములోనే ఉండాలి. దాటితే ఆ ఆర్డరు ఆగిపోవాలి. అన్నింటినీ ఒక్కసారిగా ఆపే మీట కూడా మనిషి చేతికి అందుబాటులో ఉండాలి. రెండవది, సాయంత్రపు సరిచూపు. మన కిరాణా కొట్టు షావుకారు రాత్రి కొట్టు కట్టేముందు చిట్టానూ, గల్లాపెట్టెలోని డబ్బునూ సరిచూస్తాడు గదా! అలాగే ప్రోగ్రాము రాసుకొన్న లెక్క, బ్రోకరు పంపిన లెక్క, డీమాట్ ఖాతాలోని షేర్లు, ఈ మూడూ ఒక్కొక్క ఖాతాకు విడివిడిగా సరిపోవాలి. మొత్తం సరిపోతే చాలదు. మొత్తం సరిపోయినా తప్పు దాగి ఉండవచ్చునని మా బడి కథ మీకు చెప్పింది.

మన దేశంలో సెబీ 2012 మార్చిలో ఆల్గో ట్రేడింగుకు మార్గదర్శకాలు ఇచ్చింది. సామాన్య మదుపరులు కూడా ఇటువంటి ప్రోగ్రాములు వాడుతూ ఉండడంతో 2025 ఫిబ్రవరిలో వారికోసం మరికొన్ని నియమాలు ప్రకటించింది. ప్రోగ్రాము పంపిన ఆర్డరు ఏదో గుర్తించేందుకు ఎక్స్ఛేంజి ఇచ్చే సంఖ్య దానిమీద ఉండాలనడం అందులో ఒకటి. మళ్ళీ సంఖ్యే, చూశారా!

మీరే చేసి చూడండి

ముగ్గురు స్నేహితులు కూర్చోండి. మీ వాటాలు 5 : 3 : 2. చింతపిక్కలే షేర్లు. పది పిక్కలకు ఆర్డరు పెట్టారు, ఏడే దొరికాయి. వాటిలో నాలుగు రూ. 50 చొప్పున, రెండు రూ. 53 చొప్పున, ఒకటి రూ. 58. ఎవరికి ఎన్ని? ఎవరు ఎంత కట్టాలి?

ముందు మీరు చేయండి, తర్వాత సరిచూసుకోండి. నిష్పత్తి ప్రకారం 3.5, 2.1, 1.4. పూర్ణసంఖ్యలు 3, 2, 1. మిగిలిన ఒకటి మొదటివానికి. కాబట్టి 4, 2, 1. మొత్తం ఖర్చు రూ. 364, సగటు రూ. 52. కట్టవలసినవి 208, 104, 52.

తర్వాత 5 పిక్కలు, 6, 7, 8 పిక్కలు దొరికినట్లు వరుసగా పంచి చూడండి. ఎవరి వాటా అయినా వెనక్కి తగ్గుతున్నదా? 6 : 6 : 2 లెక్క కూడా 9 నుంచి 14 దాకా వేసి పట్టిక రాయండి. పట్టిక చూస్తే వైపరీత్యం ఎక్కడ పుడుతున్నదో మీకే తెలుస్తుంది.

ఆ కుర్రవాళ్ళ నాన్నకు డబ్బు తిరిగి ఇవ్వడానికి నేనే వారి ఇంటికి వెళ్ళాను. “పోనీలెండి మేష్టారూ” అన్నాడాయన. కుర్రవాడు మాత్రం గడపలో నిలబడి ఏమీ అనలేదు. ఆనాటినుంచి ప్రవేశ సంఖ్య లేకుండా నేను ఒక్క పద్దు కూడా రాయలేదు. రేపు మీలో కొందరు ఇటువంటి ప్రోగ్రాములు రాసేవారవుతారు. మీ తెరమీద కనిపించేవి అంకెలే. ప్రతి అంకె వెనుక ఎవరో ఒకరు, గడపలో నిలబడి, తమ లెక్క సరిగా ఉన్నదనే నమ్మకంతో ఎదురుచూస్తుంటారు.